మూడో ఏనుగు



ఈ నెల పాఠాన్ని నా తప్పుతోనే మొదలుపెడుతున్నాను. ఐదో తరగతి యూనిట్ టెస్టులో ఒక ఖాళీ ఇచ్చాను: "ప్రపంచంలో ఉన్న ఏనుగు జాతులు ఎన్ని?" మా బుక్‌లో ఉన్న జవాబు రెండు. ఒకటి ఆసియా ఏనుగు, రెండోది ఆఫ్రికా ఏనుగు. ఒకమ్మాయి "మూడు" అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి మార్కు తీసేశాను.

ఆ వారంలోనే పేరెంట్స్ మీటింగ్ జరిగింది. మిరప కోతల రోజులు కదా, వాళ్ల నాన్నగారు కూలీలను చేలో దింపి అటునుంచి అటే వచ్చారు. పేపరు నా ముందు పెట్టి, "మేడమ్, ఒక్క మార్కు కోసం కాదండీ. తను రాసింది రైటే అని పిల్ల రాత్రంతా ఒకటే పోరు. ఏది రైటో మీరే చెప్పండి" అన్నారు. "బుక్‌లో రెండే ఉన్నాయండీ" అన్నాను. ఆయన సరేనని లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ పూటంతా మనసు కుదురుగా లేదు. ఇంటికి వెళ్లాక వెతికి చూశాను. అమ్మాయి రాసిందే రైటు. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ ఇంటూ కొట్టేసి, టిక్కు పెట్టి, మార్కు ఇచ్చాను. ఆ మూడో ఏనుగు గురించి నేను నేర్చుకున్నదే ఈ పాఠం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మూడూ ఎలా వేరు?

మొదటిది మన ఆసియా ఏనుగు. దీని చెవులు చిన్నవి. నుదుటి మీద రెండు బుడిపెలు ఉంటాయి. తొండం చివర వేలు లాంటి కొస ఒక్కటే. ఆడ ఏనుగులకు బయటికి కనిపించే దంతాలు సాధారణంగా ఉండవు.

రెండోది ఆఫ్రికా గడ్డి మైదానాల ఏనుగు. సవన్నా ఏనుగు అని కూడా అంటారు. టీవీలో, సినిమాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. నేల మీద నడిచే జంతువుల్లో ఇంతకంటే పెద్దది లేదు. చెవులు చాలా పెద్దవి, దంతాలు వంపు తిరిగి ముందుకు వస్తాయి. తొండం చివర రెండు వేళ్లుంటాయి. ఆడవాటికీ దంతాలుంటాయి.

మూడోది ఆఫ్రికా అడవి ఏనుగు. ఇక్కడ పేరుతో ఒక చిక్కుంది. తెలుగులో అడవి ఏనుగు అంటే మనుషులు పెంచనిది, అడవిలో స్వేచ్ఛగా తిరిగేది అని అర్థం. ఇక్కడ మాత్రం అది ఒక జాతి పేరు. మధ్య, పశ్చిమ ఆఫ్రికాల్లోని దట్టమైన వానల అడవుల్లో ఉంటుంది. ఎక్కువగా ఉన్న దేశం గాబన్. సవన్నా ఏనుగు కంటే చిన్నది. చెవులు గుండ్రంగా ఉంటాయి. దంతాలు సన్నగా, తిన్నగా నేలవైపు దిగుతాయి. చెట్ల మధ్య దూరి నడిచే జంతువుకు ఆ తీరు అనువుగా ఉంటుంది. దీని శాస్త్రీయ నామం లోక్సోడొంటా సైక్లోటిస్. సైక్లోటిస్ అంటే గుండ్రని చెవులది అని అర్థం.

పిల్లలకు బాగా నచ్చిన తేడా గోళ్లు. సవన్నా ఏనుగుకు సాధారణంగా ముందు కాలికి నాలుగు, వెనక కాలికి మూడు గోళ్లు. అడవి ఏనుగుకు ముందు అయిదు, వెనక నాలుగు. క్లాసులో ఈ మాట చెప్పగానే అందరూ ముందు తమ కాలి వేళ్లు లెక్కపెట్టుకున్నారు.

మరి బుక్‌లో రెండే ఎందుకున్నాయి? 1900లోనే పాల్ మాట్షీ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ ఏనుగును ప్రత్యేకంగా వర్ణించాడు. అయినా చాలాకాలం దీన్ని ఆఫ్రికా ఏనుగులోనే ఒక ఉపజాతిగా లెక్కేశారు. 2001లోనూ, 2010లోనూ వచ్చిన డీఎన్ఏ పరిశోధనలు ఆ లెక్కను మార్చాయి. ఆసియా ఏనుగుకూ, అంతరించిపోయిన మామత్‌కూ మధ్య ఎంత పాత ఎడబాటు ఉందో, ఈ రెండు ఆఫ్రికా ఏనుగుల మధ్యా సుమారుగా అంతే ఉందని 2010 పరిశోధన తేల్చింది. 2021 మార్చిలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మొదటిసారి రెండింటినీ వేర్వేరు జాతులుగా లెక్కించింది. సవన్నా ఏనుగు ప్రమాదంలో ఉందని, అడవి ఏనుగు తీవ్ర ప్రమాదంలో ఉందని ప్రకటించింది. బుక్కులు అచ్చయ్యేది ఒకప్పుడు, లోకానికి విషయం తెలిసేది ఇంకొకప్పుడు. ఈ ఎడం వల్లే నా ఎర్ర పెన్ను తప్పింది.

బోర్డు మీద పేరు

ఇలాంటి పొరపాటు నాకంటే చాలా పెద్దవాళ్లే చేశారు. 1905లో జర్మనీకి చెందిన జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ నుంచి న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూకి ఒక చిన్న ఏనుగు వచ్చింది. దానికి కాంగో అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది థియోడర్ నోవాక్ అనే జర్మన్ ప్రొఫెసర్ దాని పరిమాణం చూసి, ఇది మరుగుజ్జు ఏనుగు, కొత్త రకం అని ప్రకటించి పేరు కూడా పెట్టాడు. కాంగో మాత్రం ఎవరి మాటా వినలేదు, పెరుగుతూ పోయింది. 1915లో చనిపోయేనాటికి ఆరడుగులు దాటేసింది. అది మరుగుజ్జు కాదు, ఎదిగే వయసులో ఉన్న అడవి ఏనుగు. ఆ పేరు మాత్రం పుస్తకాల్లో చాలాకాలం తిరిగింది. మరుగుజ్జు ఏనుగుల కోసం జనం ఆఫ్రికాలో వెతికారు కూడా.

క్లాసులో ఈ కథ చెప్పి, "ఇందులో తప్పెవరిది?" అని అడిగాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి, "బోర్డుది మిస్" అన్నాడు. నేను ఇంతకంటే బాగా చెప్పలేను. ఒకసారి పేరు పెట్టేశాక మనం చూడటం మానేస్తాం. పిల్లల విషయంలోనూ అంతే. "వీడికి లెక్కలు రావు", "ఇది అల్లరిది" అని మనం తగిలించే బోర్డులు కూడా ఇలాంటివే. ఈ మాట ముందు టీచర్లకు వర్తిస్తుంది, తర్వాతే మీకు.

అడవి ఏనుగులు జూలలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? చాలా తక్కువ. ప్రపంచంలోని జూలలో ఆఫ్రికా ఏనుగు అని బోర్డు ఉన్నచోట దాదాపు అన్నీ సవన్నా ఏనుగులే. ఆఫ్రికా బయట అడవి ఏనుగును చూడగల చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జపాన్‌లో హిరోషిమా నగరపు ఆసా జూ వాటిలో ఒకటి.

ఒక లెక్క చేద్దాం

"జూలలో పెట్టి పెంచితే ఆ జాతి బతుకుతుంది కదా మిస్?" అని పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. జవాబు లెక్కలోనే ఉంది. పెన్సిలు, కాగితం ఇచ్చి మీ పిల్లల చేతే చేయించండి.

2021 అంచనా ప్రకారం 31 ఏళ్ల కాలంలో ఆఫ్రికా అడవి ఏనుగుల సంఖ్య 86 శాతానికి పైగా పడిపోయింది. ముఖ్య కారణం దంతాల కోసం వేట. అంటే వంద ఉన్నచోట పద్నాలుగు మిగిలాయనుకోండి. ఇప్పుడు వేట పూర్తిగా ఆగిపోయిందనుకుందాం. మళ్లీ వంద కావడానికి ఎన్నేళ్లు పడుతుంది?

మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో జాంగా బాయ్ అనే చోట దట్టమైన అడవి మధ్యన ఒక ఖాళీ మైదానం ఉంది. మట్టిలోని లవణాల కోసం ఏనుగులు అక్కడికి వస్తాయి. ఆండ్రియా టర్కాలో అనే పరిశోధకురాలు రెండు దశాబ్దాలకు పైగా అక్కడే ఉండి ఒక్కో ఏనుగునూ గుర్తుపట్టి రాసుకుంది. ఆమె లెక్కల్లో తేలిందేమిటంటే, ఆడ అడవి ఏనుగు మొదటిసారి ఈనేది సుమారు 23 ఏళ్ల వయసులో. ఆ తర్వాత అయిదారేళ్లకు ఒక్క పిల్ల. కడుపుతో ఉండేది దాదాపు 22 నెలలు. ఈ లెక్కన ఒక గుంపు రెట్టింపు కావడానికి 60 ఏళ్ల దాకా పడుతుంది.

14 రెట్టింపై 28 కావడానికి 60 ఏళ్లు. 28 కాస్తా 56 కావడానికి మరో 60. 56 నుంచి 112 కావడానికి ఇంకో 60. మొత్తం 180 ఏళ్లు. తరానికి పాతికేళ్లు వేసుకున్నా మనుషుల్లో ఏడు తరాలు దాటుతుంది. ఏడు తరాల మాట మన పెద్దవాళ్ల నోట వినడమే కానీ, దాన్ని ఇలా కాగితం మీద లెక్కేసి చూడటం నాకూ ఇదే మొదటిసారి.

జూలలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఏనుగులతో ఈ లెక్క ముందుకు సాగదు. పైగా ఆ జంతువు పని అడవిలో ఉంది. అది పండ్లు తిని, గింజల్ని మైళ్ల దూరం మోసుకెళ్లి పేడతో పాటు నాటుతుంది. పెద్ద గింజలున్న కొన్ని చెట్లకు వేరే దిక్కు లేదు. అడవి ఏనుగులు పూర్తిగా పోతే మధ్య ఆఫ్రికా అడవుల్లో చెట్లు దాచుకునే కార్బన్ 7 శాతం తగ్గుతుందని 2019లో ఒక అధ్యయనం అంచనా వేసింది. జూలో బతికే ఏనుగు ఏనుగుగానే ఉంటుంది కానీ, ఒక్క చెట్టును కూడా నాటలేదు.

మన దేశంలో

మన జూలలో ఎక్కువగా కనిపించేవి ఆసియా ఏనుగులే. హైదరాబాద్‌లోని నెహ్రూ జూ పార్కును 1963 అక్టోబరు 6న ప్రజల కోసం తెరిచారు. మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో ఉంది. అక్కడి రజని అనే ఏనుగు హైదరాబాద్ వాళ్లందరికీ తెలుసు. మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపులోనూ, బోనాల్లోనూ చాలా ఏళ్లు నడిచింది. రెండు మతాల పండుగల్లోనూ జనం దానికి దండం పెట్టారు.

2009లో కేంద్ర జూ అథారిటీ ఒక నిర్ణయం తీసుకుంది. జూలలో, సర్కస్‌లలో ఉన్న ఏనుగుల్ని అడవుల దగ్గరి ఏనుగుల శిబిరాలకు, పునరావాస కేంద్రాలకు తరలించాలని చెప్పింది. ఏనుగుకు నడవడానికి చాలా జాగా కావాలి, జూలలో అంత జాగా ఉండదు అన్నదే అసలు కారణం. మరుసటి ఏడాదే ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించారు. అయినా ఇప్పటికీ కొన్ని జూలలో ఏనుగులున్నాయి.

ఆఫ్రికా ఏనుగులు కూడా మన దేశానికి వచ్చాయి. ఢిల్లీ జూలోని శంకర్ కథ పెద్ద పిల్లలకు తప్పక చెప్పండి. జింబాబ్వే దేశం మాజీ రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ గారికి రెండు ఏనుగు పిల్లల్ని కానుకగా ఇచ్చింది. అందులో మగదానికి ఆయన పేరే పెట్టారు. కొన్నేళ్లకు జతగా వచ్చిన ఆడ ఏనుగు చనిపోయింది. తర్వాత రెండు దశాబ్దాలు శంకర్ తన జాతి తోడు లేకుండానే గడిపింది. కాళ్లకు గొలుసులుండేవి. దాన్ని వదిలిపెట్టమని జనం కోర్టుకు వెళ్లారు. 2024 అక్టోబరులో ప్రపంచ జూల సంఘం ఢిల్లీ జూ సభ్యత్వాన్ని నిలిపివేసింది. ఆ తర్వాత గొలుసులు తీశారు. 2025 సెప్టెంబరు 17న శంకర్ చనిపోయింది. ఏనుగు అరవై డెబ్బై ఏళ్లు బతకగలదు. దాని వయసు అప్పటికి 29.

కానుక ఇచ్చినవాళ్లకూ, పుచ్చుకున్నవాళ్లకూ చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఏనుగుకు ఏం కావాలో ఎవరూ అడగలేదు. ఏనుగుకు ముందు కావలసింది తోడు. ఆడ ఏనుగులూ పిల్లలూ కలిసి బతుకుతాయి. పెద్దామె ముందు నడిస్తే మిగతావి వెంట నడుస్తాయి. మగవి పెద్దయ్యాక గుంపు వదిలినా, మిగతా ఏనుగుల మధ్యే తిరుగుతూ పెద్ద మగవాటిని చూసి పద్ధతులు నేర్చుకుంటాయి. ఒంటరి ఏనుగు అంటే మాట్లాడటానికి తన భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేని మనిషి లాంటిది.

మిర్చి ఘాటు, ఏనుగు ముక్కు

ఇప్పుడు మన ఊరి సంగతి. గుంటూరు మిర్చి యార్డు గేటు దాటగానే మనకు తుమ్ములు మొదలవుతాయి. కళ్లాల్లో కాయలు ఆరబోసిన రోజుల్లో ఊరంతా అదే ఘాటు. అదే చోట ఏనుగు ఉంటే ఏమవుతుంది?

వాసనల్ని పట్టే జన్యువులు ఆఫ్రికా ఏనుగులో దాదాపు 2,000 ఉన్నాయని 2014లో జపాన్ శాస్త్రవేత్తలు లెక్కించారు. మనిషికి ఉన్నవాటికి అది అయిదు రెట్లు, కుక్కకు ఉన్నవాటికి రెండు రెట్లు. ఏనుగుకు మిరప ఘాటంటే అస్సలు గిట్టదు. జింబాబ్వేలో, మరికొన్ని ఆఫ్రికా దేశాల్లో రైతులు మిరపపొడిని వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో కలిపి, తాళ్లకూ గుడ్డలకూ పూసి పొలం చుట్టూ కడతారు. పేడలో మిరపపొడి కలిపి చేసిన పిడకల్ని రాత్రిపూట పొగబెడతారు. ఏనుగు చావదు, పంట దక్కుతుంది. మన చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు రైతులకూ ఈ బాధ ఉంది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు అటు వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

ఈ ముక్కు సంగతి జూకి కూడా వర్తిస్తుంది. మనం చూపుతో బతుకుతాం, ఏనుగు చాలావరకు వాసనతో బతుకుతుంది. నీళ్లు ఎక్కడున్నాయి, తన వాళ్లు ఎటు వెళ్లారు, పండు మగ్గిందా లేదా అన్నీ దానికి ముక్కే చెబుతుంది. రోజూ అదే సిమెంటు నేల, అదే గోడ, అదే గడ్డి మోపు ఉన్నచోట ఆ ముక్కుకు పనేముంది? తెల్ల కాగితాలున్న పుస్తకాన్ని రోజూ చదవమన్నట్టే.

"ఏనుగు డాన్స్ చేస్తోంది చూడు"

చిన్నప్పుడు ఒక జూలో ఏనుగు నిలబడినచోటే అటూ ఇటూ ఊగుతుంటే నేను చప్పట్లు కొట్టాను. డాన్స్ చేస్తోందని మా బాబాయి ఎత్తుకుని చూపించారు. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అది డాన్స్ కాదని నాకు ఈ మధ్యే తెలిసింది. కట్టేసి ఉంచిన, తోడు లేని, చేయడానికి ఏ పనీ లేని ఏనుగులు అలా గంటల తరబడి ఊగుతుంటాయి. స్వేచ్ఛగా తిరిగే ఏనుగుల్లో ఇది కనిపించదు. తర్వాత మంచి చోటికి మారినా కొన్నింటికి ఆ అలవాటు పోదు. కాబట్టి ఊగే ఏనుగు కనిపించినంత మాత్రాన ఇప్పుడున్న జూదే తప్పని అనలేం. పిల్లలకు మాత్రం డాన్స్ అని చెప్పకండి. నిజమే చెప్పండి, వాళ్లు తట్టుకోగలరు.

జూకి తీసుకెళ్లవద్దని నేను అనడం లేదు. మన పిల్లల్లో చాలామందికి ఏనుగును దగ్గరగా చూసే చోటు అదొక్కటే. ఈసారి సెలవుల్లో హైదరాబాదో, విశాఖో, తిరుపతో వెళ్తే, అక్కడ ఏనుగు ఉంటే, సెల్ఫీ తీసుకున్నాక ఒక్క పావుగంట ఎక్కువ నిలబడండి. పిల్లల చేతికి నోట్‌బుక్ ఇచ్చి ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు రాయించండి.

1. బోర్డు మీద ఏ జాతి అని రాసి ఉంది? చెవులు, నుదురు, తొండం కొస చూస్తే అదే అనిపిస్తోందా?

2. ముందు కాలికి, వెనక కాలికి ఎన్ని గోళ్లు కనిపిస్తున్నాయి?

3. అది ఒక్కటే ఉందా, తోడు ఉందా? ఒకదాన్నొకటి తొండంతో తాకుతున్నాయా?

4. కాళ్ల కింద మట్టి ఉందా, సిమెంటు ఉందా? నీళ్లు, బురద, నీడ ఉన్నాయా?

5. పావుగంటలో అది ఎన్ని అడుగులు వేసింది? ఊగుతోందా?

6. తొండంతో అది ఏయే పనులు చేసింది?

అయిదో ప్రశ్న అన్నింటికంటే ముఖ్యం. వచ్చాక ఆ కాగితం నాకు పంపండి. క్లాసు గోడకు అంటిస్తాం. పిల్లలు రాసింది బుక్‌తో కలవకపోతే దిద్దకుండా అలాగే పంపండి. ఏది రైటో అందరం కలిసి వెతుకుదాం. ఈసారి ఎర్ర పెన్ను తీసేముందు నేను అడుగుతాను, "ఇది నీకెలా తెలిసింది?" అని.

ఆ అమ్మాయిని కూడా అదే అడిగాను. తాతయ్య ఫోన్‌లో ఏనుగుల వీడియో చూసిందట. వాళ్ల తాతయ్యకు చదువు రాదు. ఆ వీడియోను ఆయన మనవరాలితో కలిసి మూడుసార్లు చూశారట.